సూది, కప్పు, తైచీ, కషాయం: చైనా వైద్యంలో ఏది ఎంతవరకు పనిచేస్తుంది

బుడిపెలున్న ఆక్యుప్రెషర్ చెప్పులు, మొహం మీద పచ్చరాయితో గీసుకునే గువా షా రీల్స్, క్రికెటర్ల వీపుల మీద గుండ్రటి ఊదారంగు మచ్చలు, పార్కులో నెమ్మదిగా చేతులు తిప్పే తైచీ బ్యాచ్, ఇంకా వాట్సాప్‌లో తిరిగే "ఈ పాయింట్ రోజూ నొక్కితే షుగర్ మాయం" ఫొటోలు, వీటన్నిటినీ మన దగ్గర ఒకే మాటలో చైనీస్ వైద్యం అనేస్తారు. ఆ తర్వాత వాదన మొదలవుతుంది, ఒకళ్ళేమో వేల ఏళ్ళ అనుభవం ఊరికే పోతుందా అంటారు, ఇంకొకళ్ళు ఇదంతా ఉత్త నమ్మకం సైన్స్ కాదు అంటారు, ఇద్దరూ గంట కొట్టుకున్నా ఎటూ తేలదు. ఎందుకు తేలదంటే ఇద్దరూ ఒకే దాని గురించి మాట్లాడట్లేదు. ఒకాయన మనసులో తన మోకాలి నొప్పికి చేయించుకున్న సూదులుంటాయి, ఇంకొకాయన మనసులో క్యాన్సర్ తగ్గిస్తానని పొడి అమ్మే మనిషి ఉంటాడు.

ఈ వ్యాసంలో ఆ మూటని విప్పి, ఒక్కో టెక్నిక్‌ని విడివిడిగా పక్కన పెట్టి చూద్దాం.

ఒక్క ప్రశ్న కాదు, మూడు ప్రశ్నలు

"ఆక్యుపంక్చర్ పనిచేస్తుందా" అని అడిగితే అది నిజానికి మూడు ప్రశ్నలు కలిసిపోయిన ప్రశ్న. మొదటిది, చేయించుకున్నవాళ్ళకి తగ్గిందా. రెండోది, ఆ తగ్గడం ఆ సూది వల్లేనా, లేకపోతే టైమ్ గడిచి దానంతటదే తగ్గిందా, పడుకోబెట్టి అరగంట శ్రద్ధగా చూసుకున్నందువల్ల తగ్గిందా, తగ్గుతుందన్న నమ్మకం వల్ల తగ్గిందా. మూడోది, వాళ్ళు చెప్పే కారణం, అంటే ఒంట్లో దారుల వెంట ప్రవహించే శక్తి అనే వివరణ నిజమేనా.

ఈ మూడింటికీ జవాబులు వేరువేరుగా ఉండొచ్చు, అదే చాలామందికి మింగుడుపడదు. మన సిద్ధాంతులు గ్రహణం ఎన్ని గంటలకి పడుతుందో, ఎప్పుడు విడుస్తుందో పంచాంగంలో ముందే లెక్కగట్టి రాసేవాళ్ళు, రాహువు మింగుతాడన్న కథ నిజం కాకపోయినా ఆ లెక్క మాత్రం కుదిరేది. అలాగే ఒక చికిత్సకి చెప్పే కారణం తప్పయినా చికిత్సలో పస ఉండొచ్చు, కారణం వినడానికి ఎంతో బాగున్నా చికిత్సలో ఏమీ లేకపోవచ్చు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువు.

ఇందులో ఏమేం ఉన్నాయి, పేరు మాత్రమే ఉన్నవి ఏవి

చైనా సంప్రదాయ వైద్యంలో ముఖ్యమైనవి ఇవి. ఆక్యుపంక్చర్ అంటే సుమారు పావు మిల్లీమీటర్ మందం ఉండే సన్నటి సూదుల్ని ఒంటి మీద నిర్ణయించిన చోట్ల గుచ్చి కాసేపు ఉంచడం, ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టాండర్డ్ లిస్టులో ఇలాంటి పాయింట్లు 361 ఉన్నాయి. అవే చోట్ల సూది లేకుండా వేలితో నొక్కితే ఆక్యుప్రెషర్. మాక్సిబషన్ అంటే ఎండబెట్టిన ఒక రకం ఆకుని దూదిలా చేసి, చుట్టలా చుట్టి, వెలిగించి చర్మానికి దగ్గరగా పట్టి వేడి తగిలించడం. కప్పింగ్ అంటే గాజు కప్పులో గాలి తీసేసి చర్మానికి అతికించడం, గువా షా అంటే నూనె రాసి మొద్దు అంచున్న వస్తువుతో గీయడం, తుయినా అంటే వాళ్ళ మసాజ్. ఇవి కాక కదలికలు, శ్వాస కలిపి చేసే తైచీ, చిగోంగ్ ఉన్నాయి, ఆ పైన మూలికలు, పథ్యం. అసలు చైనాలో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎక్కువగా రాసిచ్చేది మూలికల కషాయమే, సూది కాదు, కానీ బయటి దేశాల్లో సూదికే పేరొచ్చింది.

ఇక చైనా పేరు మీద చలామణీ అయ్యేవి. చెవిని తలకిందులుగా ఉన్న పిండంలా ఊహించుకుని అందులో ఒళ్ళంతా చూపించే మ్యాప్ ఉంది కదా, దాన్ని గీసింది 1950ల్లో పాల్ నోజియే అనే ఫ్రెంచ్ డాక్టర్, తర్వాత చైనావాళ్ళు కూడా దాన్ని తీసుకుని వాడారు. అరికాల్లో ఇక్కడ గుండె, ఇక్కడ కిడ్నీ అని చూపించే రిఫ్లెక్సాలజీ చార్టు 1930ల్లో అమెరికాలో యూనిస్ ఇంగమ్ అనే ఆవిడ తయారుచేసింది. అరచేతుల్లో గింజలు అంటించే సుజోక్ కొరియాది, చేతులు ఆనించి శక్తి పంపుతామనే రేకి జపాన్‌ది. అంటే మన ఎగ్జిబిషన్ స్టాళ్ళలో చైనా రహస్యం అని అమ్మే చాలా వస్తువులు, చార్టులు మన తాతల కాలంలో వేరే దేశాల్లో పుట్టినవే. కొత్తవి కాబట్టి చెడ్డవని నేను అనట్లేదు, కానీ వాటికి వేల ఏళ్ళ అనుభవం అనే సర్టిఫికెట్ మాత్రం వర్తించదు.

చి, యిన్-యాంగ్, మన వేడి-చలవ

వాళ్ళ సిద్ధాంతం క్లుప్తంగా ఇది. ఒంట్లో చి అనే శక్తి దారుల వెంట తిరుగుతుంది, ముఖ్యమైన దారులు పన్నెండు, వాటికి తోడు ఒంటి మధ్యన ముందు ఒకటి వెనక ఒకటి, మొత్తం పద్నాలుగు. చి సాఫీగా తిరిగితే ఆరోగ్యం, ఎక్కడైనా ఆగినా తగ్గినా నొప్పి, జబ్బు. యిన్ అంటే చల్లదనం, తేమ, నెమ్మది, లోపలి వైపు, యాంగ్ అంటే వేడి, పొడి, వేగం, బయటి వైపు, ఈ రెండింటి మధ్య తూకం ఉండాలి. కట్టె, నిప్పు, మట్టి, లోహం, నీరు అని ఐదు దశలు, ఒక్కోదానికీ ఒక్కో అవయవం, ఒక్కో రుచి, ఒక్కో రుతువు. డాక్టర్ నాలుక చూస్తాడు, రెండు మణికట్ల దగ్గరా మూడేసి వేళ్ళు పెట్టి నాడి చూస్తాడు, చూసి నీకు ఫలానా జబ్బు అనకుండా ఫలానా రకం అసమతూకం అని చెప్తాడు.

తెలుగువాళ్ళకి ఇది పూర్తిగా కొత్తేమీ కాదు. మామిడిపండు ఎక్కువ తింటే వేడి చేస్తుంది, సబ్జా నీళ్ళు, మజ్జిగ చలవ అని మన ఇళ్ళలో ఎలా అంటారో, దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు లిచీ పళ్ళు ఎక్కువ తింటే నిప్పు ఎక్కుతుంది అంటారు, ఎండాకాలంలో చలవకి పెసర్లు ఉడకబెట్టిన నీళ్ళు తాగుతారు, చేదుగా ఉండే మూలికల టీ రోడ్డు పక్కన షాపుల్లో గ్లాసుల్లో అమ్ముతారు. మన బాలింత పథ్యం లాగే వాళ్ళకీ కాన్పు అయ్యాక ఒక నెల చల్లనిది తాకకూడదు, గాలికి తిరగకూడదు, అల్లం, నువ్వుల నూనె వేసిన సూపులు తినాలి అనే పద్ధతి ఉంది. రాత్రి పడుకునే ముందు వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం, రోజంతా గోరువెచ్చని నీళ్ళే తాగడం అక్కడ ముసలి వయసు వాళ్ళలో చాలామందికి మామూలు అలవాటు. రోజువారీ క్షేమం అంటే వాళ్ళకి ముందుగా ఇవే, క్లినిక్ తర్వాత.

మరి చి తిరిగే దారులు నిజంగా ఉన్నాయా? శవాన్ని కోసి చూస్తే నరాలు, రక్తనాళాలు కనిపించినట్టు ఇవి కనిపించవు, పరికరాలతో వెతికిన ప్రయత్నాలు చాలా జరిగాయి కానీ అందరూ ఒప్పుకునే ఆధారం దొరకలేదు. ఒకే పేషెంట్‌ని ఇద్దరు ముగ్గురు ప్రాక్టీషనర్లకి చూపిస్తే వాళ్ళ నిర్ధారణలు చాలాసార్లు కలవవని కూడా పరీక్షల్లో తేలింది. ఇది మూడో ప్రశ్నకి జవాబు, మొదటి రెండిటికీ కాదు.

ఐదు వేల ఏళ్ళు అనే లెక్క

ఈ వైద్యం ఐదు వేల ఏళ్ళ నాటిదని చెప్తుంటారు. పాతదే, కానీ మనం అనుకునే పద్ధతిలో పాతది కాదు. 1973లో హునాన్ రాష్ట్రంలోని మావాంగ్‌డుయి దగ్గర క్రీ.పూ. 168లో మూసేసిన సమాధి తవ్వితే పట్టు బట్ట మీద రాసిన వైద్య గ్రంథాలు బయటపడ్డాయి, వాటిలో ఒంటి దారుల గురించి ఉంది, వాటి మీద ఆకు కాల్చి వేడి పెట్టడం గురించి ఉంది, సూది ప్రస్తావన మాత్రం లేదు. వాటితో పాటే 44 బొమ్మలతో వ్యాయామాల చార్టు ఒకటి దొరికింది, అంటే ఇవాళ పార్కులో కనిపించే కదలికలకి ముత్తాత అన్నమాట. సూది చికిత్సని వివరంగా చెప్పిన హువాంగ్‌డి నేయ్‌జింగ్ అనే గ్రంథం కూర్పు దాదాపు ఆ తర్వాతి కాలంలోదే. కాబట్టి రెండు వేల ఏళ్ళ పైమాట అంటే నిలబడుతుంది, ఐదు వేలు అంటే నిలబడదు.

ఆ రెండు వేల ఏళ్ళు కూడా చైనావాళ్ళు దీన్ని ఏకధాటిగా నెత్తిన పెట్టుకోలేదు. 1822లో చక్రవర్తి ఆజ్ఞతో రాజవైద్య సంస్థలో ఆక్యుపంక్చర్ విభాగాన్ని మూసేశారు. 1929లో అప్పటి ప్రభుత్వ ఆరోగ్య కమిటీ ఏకంగా పాత వైద్యాన్నే రద్దు చేయాలని తీర్మానం చేస్తే, దేశం నలుమూలల నుంచీ వైద్యులు షాంఘైలో చేరి గట్టిగా ఎదురు తిరిగితే అది ఆగింది. తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక డాక్టర్లు తక్కువ, జనం ఎక్కువ, చేతిలో డబ్బు లేదు, అప్పుడు పాత వైద్యాన్ని మళ్ళీ చేరదీసి, ఊరికో తీరుగా ఉన్న పద్ధతుల్ని ఒక సిలబస్‌గా కూర్చి, 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్‌డు ఊళ్ళలో కాలేజీలు పెట్టారు. ఇవాళ ప్రపంచమంతా నేర్చుకుంటున్నది చాలావరకు ఆ కాలేజీల్లో తయారైన రూపమే.

అమెరికాకి ఇది తెలిసిన వైనం ఇంకో కథ. 1971లో న్యూయార్క్ టైమ్స్ జర్నలిస్ట్ జేమ్స్ రెస్టన్ బీజింగ్ వెళ్ళినప్పుడు అపెండిసైటిస్ వచ్చి ఆపరేషన్ అయింది, తర్వాత కడుపు ఉబ్బరం ఇబ్బంది పెడితే సూదులు వేశారు, ఆయన దాని గురించి పత్రికలో రాశారు. సూదులతోనే మత్తిచ్చి ఆపరేషన్ చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు, అది తప్పు, ఆపరేషన్‌కి ఇచ్చింది మామూలు మత్తు ఇంజెక్షనే. మన దేశానికి మాత్రం ఇది అమెరికా కంటే ముందే వచ్చింది, 1938లో షోలాపూర్ డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్‌తో పాటు యుద్ధంలో ఉన్న చైనాకి వెళ్ళిన వైద్య బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు, 1950ల చివర్లో మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు.

సూది పరీక్ష: వందమంది నడుం నొప్పి వాళ్ళని ఊహించుకోండి

రెండో ప్రశ్న, అంటే సూది వల్లేనా అన్నది తేల్చాలంటే ఉత్తుత్తి సూది కావాలి. మాత్ర అయితే పంచదార మాత్ర ఇవ్వొచ్చు, సూదికి ఏం చేస్తాం? పరిశోధకులు రెండు దారులు కనిపెట్టారు, ఒకటి పాయింట్ కాని చోట పైపైన గుచ్చడం, రెండోది నాటకాల్లో కత్తిలా లోపలికి మడుచుకుపోయే సూది, గుచ్చినట్టే అనిపిస్తుంది కానీ చర్మం దాటదు.

జర్మనీలో జరిగి 2007లో ఫలితాలొచ్చిన పెద్ద పరీక్ష తీసుకుందాం. చాలా కాలంగా నడుం నొప్పి ఉన్న 1,162 మందిని మూడు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకి పద్ధతి ప్రకారం సూదులు, రెండో గ్రూపుకి పాయింట్లు కాని చోట పైపైన సూదులు, మూడో గ్రూపుకి మామూలుగా ఇచ్చే మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత చెప్పుకోదగ్గ మార్పు వచ్చిన వాళ్ళు మొదటి గ్రూపులో 47.6 శాతం, రెండో గ్రూపులో 44.2 శాతం, మూడో గ్రూపులో 27.4 శాతం.

గ్రూపుకి వందమంది అనుకుంటే అసలు సూదితో దాదాపు 48 మందికి, ఉత్తుత్తి సూదితో 44 మందికి, మామూలు వైద్యంతో 27 మందికి మేలు జరిగింది. ఇప్పుడు ఈ మూడు అంకెల్ని పట్టుకుని ముగ్గురు మూడు రకాలుగా మాట్లాడొచ్చు, ముగ్గురూ అబద్ధం చెప్పట్లేదు.

ఒకరు 48, 44 చూస్తారు. ఎక్కడ గుచ్చినా ఒకటే అయినప్పుడు 361 పాయింట్లు, పద్నాలుగు దారులు ఎందుకు, ఇది నమ్మకం మహిమే కదా అంటారు. ఇంకొకరు 48, 27 చూస్తారు. నొప్పితో బాధపడే మనిషికి పాయింట్ల సిద్ధాంతంతో ఏం పని, అతనికి మందుల కంటే దీనితో ఎక్కువ తగ్గింది కదా అంటారు. మూడో ఆయన ఇంకో మెలిక పెడతాడు, పైపైన గుచ్చినా అది గుచ్చడమే, చర్మంలో నరాలు స్పందిస్తాయి, కాబట్టి 44 అనేది సున్నా మందు కాదు బలహీనమైన మందు, పైగా మామూలు వైద్యం గ్రూపులో వాళ్ళకి "ఏళ్ళుగా వాడుతున్నదే మళ్ళీ ఇస్తున్నారు" అన్న నిరాశ ఉంటుంది కాబట్టి ఆ 27 కూడా ఉండాల్సిన దానికంటే తగ్గి ఉండొచ్చు అంటాడు.

నాకు మూడో వాదనలోనే ఎక్కువ పస కనిపిస్తుంది, కానీ మొదటి వాదనకి కూడా సమాధానం చెప్పాల్సి ఉంటుంది. ఎందుకంటే తర్వాత చాలా పరీక్షల్లో ఒక్కో పేషెంట్ డేటా తీసి, 2018 నాటికి ఇరవై వేల పైచిలుకు మందిని కలిపి లెక్క వేస్తే, అసలు సూది ఉత్తుత్తి సూది కంటే మెరుగే కానీ ఆ తేడా చిన్నది, అసలు సూదులే వేయించుకోని వాళ్ళతో పోలిస్తే తేడా పెద్దది అని వచ్చింది. అది కూడా నడుం, మెడ, భుజం, మోకాలి నొప్పులు, తలనొప్పి లాంటి వాటిలో మాత్రమే. షుగర్, థైరాయిడ్, ఊబకాయం, పిల్లలు పుట్టకపోవడం లాంటి వాటికి ఈ లెక్క వర్తించదు.

ఒకే దేశంలో మూడు సార్లు మూడు రకాల సలహా

ఈ అంకెల్ని ఎటు నుంచి చూడాలన్న గొడవ ప్రభుత్వాల దాకా వెళ్ళింది. ఇంగ్లండ్‌లో ఏ చికిత్సకి డబ్బు పెట్టాలో చెప్పే నైస్ అనే సంస్థ 2009లో నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ ఇవ్వొచ్చు అంది. 2016లో అదే సంస్థ నడుం నొప్పికి ఇవ్వొద్దు అంది, ఉత్తుత్తి సూదిని దాటి తగినంత మేలు చూపించట్లేదు అని. 2021లో కారణం తెలియని దీర్ఘకాలిక నొప్పులకి మాత్రం, అన్నీ కలిపి ఐదు గంటలకి మించకుండా, పరిశీలించవచ్చు అంది. జర్మనీలో పైన చెప్పిన పరీక్షల తర్వాత నడుం, మోకాలి నొప్పులకి ప్రభుత్వ ఇన్సూరెన్స్ కిందకి తెచ్చారు, అమెరికాలో పెద్దవాళ్ళకి ఇచ్చే మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాలిక నడుం నొప్పికి 90 రోజుల్లో 12 సిట్టింగుల దాకా డబ్బు కడుతోంది. ఇంచుమించు అవే పరీక్షలు అందరూ చదివారు, కొందరు ఉత్తుత్తి సూదితో పోల్చారు, కొందరు మామూలు వైద్యంతో పోల్చారు.

లోపల ఏం జరుగుతుందన్న దాని మీద కూడా నిజమైన పరిశోధన ఉంది. ఒంట్లో తయారయ్యే నొప్పి తగ్గించే ఎండార్ఫిన్లకి దీనితో సంబంధం ఉందని 1970ల్లోనే చూపించారు. 2010లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో సూది తిప్పిన చోట అడెనోసిన్ అనే పదార్థం విడుదలై నొప్పి తగ్గిస్తోందని తేలింది. 2021లో ఇంకో ప్రయోగం చేశారు, ఎలుక వెనక కాలు మీద ఒక చోట సన్నటి కరెంటుతో ప్రేరేపిస్తే మెదడు నుంచి కడుపు దాకా వెళ్ళే వేగస్ నరం ద్వారా ఒంట్లో వాపు తగ్గింది, కడుపు మీద అదే చేస్తే ఆ ఫలితం రాలేదు, ఎందుకంటే ఆ పని చేసే రకం నరాలు కాలి లోపలి కండర పొరలో ఉన్నాయి, అక్కడ లేవు. అంటే చోటుకి ప్రాముఖ్యం ఉండొచ్చు, కానీ దాన్ని నిర్ణయించేది నరాల అమరిక.

మణికట్టు దగ్గర ఒక పాయింట్

ఇంట్లో వాళ్ళకి ఎక్కువగా పనికొచ్చేది, ఆధారం కూడా బాగున్నది ఇదొకటి ఉంది. అరచేతి వైపు మణికట్టు గీత నుంచి మూడు వేళ్ళ పైన, రెండు నరాల్లా తగిలే కండర తాళ్ళ మధ్య ఉండే చోటుని పీ6 అంటారు. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం, వాంతుల మీద దీన్ని డజన్ల కొద్దీ పరీక్షల్లో చూశారు, 59 పరీక్షల్ని కలిపి 2015లో వేసిన లెక్కలో ఉత్తుత్తి చికిత్స కంటే వాంతులు తగ్గాయని, వాంతుల మందులతో పోల్చదగ్గ ఫలితం ఉందని వచ్చింది. ప్రయాణాల్లో తిప్పకుండా పెట్టుకునే బుడిపె ఉన్న రిస్ట్ బ్యాండ్లు దీని మీద ఆధారపడ్డవే, కాకపోతే బస్సు వికారం విషయంలో ఫలితాలు అంత స్పష్టంగా లేవు. మత్తిచ్చి పడుకోబెట్టిన మనిషి మీద కూడా కొన్ని పరీక్షలు జరిగాయి కాబట్టి అంతా నమ్మకం వల్లే అని కొట్టేయడం ఇక్కడ కష్టం.

కప్పులు, గీతలు, ఆకు పొగ

2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద మచ్చలు టీవీలో చూశాక కప్పింగ్ పేరు అందరికీ తెలిసింది, కానీ ఇది ఒక్క చైనా సొత్తు కాదు, గ్రీకులూ వాడారు, సుశ్రుతుడు కొమ్ముతో రక్తం లాగడం చెప్పాడు, యునానీలో హిజామా అదే, హైదరాబాద్‌లో హిజామా సెంటర్లు ఎన్నో ఉన్నాయి. తేడా ఏంటంటే హిజామాలో చిన్న గాట్లు పెట్టి రక్తం తీస్తారు, చైనా పద్ధతిలో ఎక్కువగా గాటు లేకుండా ఉత్తి పీల్పే.

ఆ మచ్చల గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది, ఎంత నల్లగా వస్తే అంత విషం బయటికొచ్చినట్టు అని. అది చర్మం కింద సన్న రక్తనాళాలు చిట్లి చేరిన రక్తం, మామూలు దెబ్బ తగిలి కమిలినప్పుడు వచ్చేదే, ఎంత గట్టిగా పీలిస్తే, ఎంతసేపు ఉంచితే అంత నల్లగా వస్తుంది. మెడ, వీపు నొప్పులకి కొంత ఉపశమనం చూపించిన పరీక్షలున్నాయి కానీ చిన్నవి, పైగా వీపు మీద కప్పు పెట్టారో లేదో పేషెంట్‌కి తెలియకుండా చేయడం కష్టం. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకి, షుగర్ వల్ల పుండు మానని వాళ్ళకి ఇందులో నిజమైన ప్రమాదం ఉంది, నిప్పుతో చేసే కప్పింగ్‌లో కాలిన గాయాలూ అవుతుంటాయి.

గువా షాలో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయాయి. చైనా, వియత్నాం ఇళ్ళలో వడదెబ్బకి, జలుబుకి, మెడ పట్టేసినప్పుడు పింగాణీ చెంచాతోనో నాణెంతోనో వీపు మీద ఎర్రటి చారలు తేలేదాకా గీస్తారు, ఆ చారలు రెండు నుంచి నాలుగు రోజుల్లో పోతాయి. రీల్స్‌లో మొహం మీద చేసేది దీనికి దూరపు చుట్టం, మెల్లగా రాయితో జరపడం, దానివల్ల పొద్దున్నే ఉండే ఉబ్బు కాసేపు తగ్గొచ్చు, దవడ ఎముక ఆకారం మారదు.

మాక్సిబషన్‌లో కాల్చే ఆకు మనకి బాగా దగ్గరిది. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రిలో మొదట "మాచీపత్రం పూజయామి" అంటాం కదా, ఆ మాచిపత్రి, చైనావాళ్ళు వాడే ఆకు ఒకే ఆర్టెమిసియా జాతి మొక్కలవి. వేడి తగిలితే పట్టేసిన కండరం వదులవడం మన కాపడం లాంటిదే, అంతకు మించి చెప్పే వాటికి ఆధారం చాలా పల్చన, గాలి ఆడని గదిలో ఆ పొగ ఉబ్బసం ఉన్నవాళ్ళకి పడదు.

తైచీ: తక్కువ మాట్లాడుకునేది, ఎక్కువ నిలబడింది

నన్ను అడిగితే ఈ మొత్తం మూటలో రోజువారీ జీవితానికి అన్నిటికంటే విలువైనది ఇదే, దురదృష్టం ఏంటంటే అమ్మడానికి వస్తువేమీ లేదు కాబట్టి దీని గురించి ప్రచారం తక్కువ. హెనాన్‌లోని చెన్ ఊరి యుద్ధవిద్య నుంచి పెరిగిన తైచీని 1956లో 24 కదలికల సులువైన రూపానికి కుదించారు, పార్కుల్లో కనిపించేది ఎక్కువగా అదే. ఇంకా సులువైనది బాదువాన్‌జిన్, ఎనిమిదే కదలికలు, నిలబడిన చోటే, పావుగంటలో అయిపోతుంది.

అమెరికాలో 2018లో ప్రచురించిన ఒక పరీక్షలో 70 ఏళ్ళు దాటి, పడిపోయే ప్రమాదం ఎక్కువున్న 670 మందిని మూడు గ్రూపులు చేసి వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు నేర్పించారు. ఒళ్ళు సాగదీసే వ్యాయామం గ్రూపులో ఆరు నెలల్లో 363 సార్లు పడ్డారు, రకరకాల వ్యాయామాలు కలిపి చేసిన గ్రూపులో 218 సార్లు, తైచీ గ్రూపులో 152 సార్లు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగాక మళ్ళీ మామూలుగా లేవలేకపోవడం ఎంతమందికి తెలీదు, అలాంటి చోట ఈ అంకెల బరువు అర్థమవుతుంది. మోకాలి అరుగుదల మీద 2016లో వచ్చిన ఇంకో పరీక్షలో తైచీ, ఫిజియోథెరపీ రెండూ సమానంగా నొప్పి తగ్గించాయి. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు ఉన్నవాళ్ళలో నిలకడ మెరుగైందని 2012లో వచ్చింది.

ఇక్కడ కూడా రెండు వివరణలున్నాయి. నేర్పే గురువులు చి సాఫీగా ప్రవహిస్తోంది అంటారు. ఫిజియోథెరపిస్టులు ఏమంటారంటే ఒంటి బరువుని ఒక కాలి నుంచి ఇంకో కాలికి నెమ్మదిగా, మోకాళ్ళు కొంచెం వంచి మార్చడమే బ్యాలెన్స్‌కి సరైన శిక్షణ, దానికి తోడు ఊపిరి, ధ్యాస, తోటివాళ్ళతో కలిసి చేయడం అంటారు. రెండో వివరణ చాలు అనిపిస్తుంది, కానీ మొదటిది నమ్మేవాళ్ళు రోజూ మానకుండా చేస్తున్నారంటే ఆ నమ్మకం కూడా పనికొచ్చినట్టే.

మూలికలు: నోబెల్ వచ్చింది, కిడ్నీలూ పోయాయి

మూలికల దగ్గర పొగిడేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఇద్దరికీ గట్టి ఉదాహరణలే ఉన్నాయి. వియత్నాం యుద్ధంలో సైనికులు మలేరియాతో చనిపోతుంటే 1967 మే 23న చైనాలో ఒక రహస్య ప్రాజెక్టు మొదలైంది. అందులో తూ యూయూ అనే శాస్త్రవేత్త పాత గ్రంథాలన్నీ వెతికితే, నాలుగో శతాబ్దపు గె హాంగ్ అనే వైద్యుడి రాతల్లో ఒక పిడికెడు చింగ్‌హావ్ మొక్కని నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగాలి అని కనిపించింది. మరగబెట్టమని లేదే, అంటే వేడికి మందు చెడిపోతోందేమో అని ఆవిడకి తట్టింది, తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీస్తే 1971లో ఎలుకల్లో మలేరియా పూర్తిగా పోయింది. అదే ఆర్టెమిసినిన్, 2015లో ఆవిడకి నోబెల్ వచ్చింది. మన ఏజెన్సీ ఊళ్ళలో ఫాల్సిపరం మలేరియాకి ఇచ్చే ఏసీటీ మందులో ఉండేది దీని నుంచి పుట్టినదే. గమనించాల్సింది ఏంటంటే ఆవిడ వందల మూలికల సారాల్ని పరీక్షించి, పనిచేసిన ఒక్కదాన్ని పట్టుకుని, అందులోంచి ఒక్క పదార్థాన్ని వేరుచేసి, మోతాదు తేల్చింది. పాత గ్రంథం దారి చూపింది, ల్యాబ్ తేల్చింది.

రెండో ఉదాహరణ 1990ల మొదట్లో బెల్జియంది. బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే మాత్రల్లో ఒక చైనా మూలిక బదులు పేరు దగ్గరగా ఉండే అరిస్టోలోకియా అనే మొక్క కలిసింది, వందమందికి పైగా, ఎక్కువగా ఆడవాళ్ళే, కిడ్నీలు పాడయ్యాయి, చాలామందికి తర్వాత మూత్రనాళాల క్యాన్సర్ వచ్చింది. అందులోని అరిస్టోలోకిక్ యాసిడ్ మనుషులకి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చేసింది. ఇది మనకి దూరం విషయం కాదు, పల్లెల్లో పాము కాటుకి అని వాడే ఈశ్వరి తీగ అదే అరిస్టోలోకియా జాతి. ప్రకృతి నుంచి వచ్చింది కాబట్టి సైడ్ ఎఫెక్ట్ ఉండదు అనే మాట ఎక్కడ విన్నా నాకు ముందు ఈ బ్రస్సెల్స్ ఆడవాళ్ళే గుర్తొస్తారు. ఇంకోటి, డాన్‌షెన్, డాంగ్‌గ్వాయ్ లాంటి మూలికలు గుండె జబ్బువాళ్ళు వాడే, రక్తాన్ని పల్చబరిచే వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తెప్పించొచ్చు, డాక్టర్‌కి చెప్పకుండా రెండూ వాడితే ఆ సంగతి ఎవరికీ తెలియదు.

సూది పట్టుకున్న మనిషి ఎవరు

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల అంతర్జాతీయ పట్టికలో సంప్రదాయ వైద్యానికి ఒక అధ్యాయం కలిపింది, ఎవరు ఎక్కడ ఏం వాడుతున్నారో లెక్క తెలియడానికే అని సంస్థ అంది, పరీక్షకి నిలవని వాటికి ముద్ర వేసినట్టు అవుతుందని నేచర్ లాంటి సైన్స్ పత్రికలు తప్పుపట్టాయి. మన దేశంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో ఆక్యుపంక్చర్‌ని తగిన శిక్షణ ఉన్నవాళ్ళు చేయదగ్గ థెరపీగా ఒప్పుకుంది, 2019లో వేరే పద్ధతిగా గుర్తించింది, మహారాష్ట్ర దీనికోసం ప్రత్యేకంగా చట్టమే చేసింది. ఐదున్నరేళ్ళ నేచురోపతి డిగ్రీ బి.ఎన్.వై.ఎస్.లో ఇది ఒక సబ్జెక్టు. మరోపక్క రెండు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టిన వాళ్ళూ ఉన్నారు, బయట నుంచి చూస్తే బోర్డులన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, శిక్షణ ఉన్న చేతిలో ఆక్యుపంక్చర్ ప్రమాదాలు అరుదు, కాస్త రక్తం చుక్క, చిన్న కమిలిన మచ్చ, కళ్ళు తిరగడం, అంతే. శిక్షణ లేని చేతిలో ఛాతీ మీద, భుజం పైన సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడిన కేసులు నమోదయ్యాయి, సూదులు తిరిగి వాడిన చోట హెపటైటిస్ బి పాకింది. అందుకే ఇవాళ పద్ధతిగా నడిచే క్లినిక్‌లలో ఒక్కసారి వాడి పారేసే సూదులే వాడతారు, ప్యాకెట్‌ని పేషెంట్ ముందే చించుతారు.